18 వేల స్టీరియో పెట్టిస్తే నాన్న ఆపేయమన్నారు

ఫోన్‌లో 108 మెగాపిక్సెల్ కెమెరా అని ఎవరైనా గొప్పగా చెబితే మనం నవ్వుతాం. సెన్సర్ సైజ్ ఎంత, ప్రాసెసింగ్ ఎలా ఉంది అని అడుగుతాం. అంత తెలివైన నేనే కార్ స్టీరియో కొనడానికి వెళ్లి 8 జీబీ ర్యామ్, 128 జీబీ స్టోరేజ్, క్యూఎల్ఈడీ డిస్‌ప్లే అని బాక్స్ మీద చదివి బోల్తా పడ్డాను. పాటలు వినిపించే డబ్బాకి 8 జీబీ ర్యామ్ ఎందుకని ఒక్కసారి కూడా అడగలేదు.

కారు నాన్నది. రెండేళ్ల క్రితం కొన్న హ్యాచ్‌బ్యాక్, మిడ్ వేరియంట్. కంపెనీ ఇచ్చిన చిన్న స్టీరియో, నాలుగు డోర్లలో నాలుగు పేపర్ కోన్ స్పీకర్లు. నాన్నకి ఘంటసాల పాటలంటే ప్రాణం. ఆ స్పీకర్లలో గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టు ఉండేది. ఉద్యోగం వచ్చాక దాచుకున్న డబ్బుతో ఆయనకి ఏదైనా చేద్దామని విజయవాడ ఆటోనగర్‌లో ఒక షాపుకి వెళ్లా. షాపు అన్న భరోసా ఇచ్చాడు: "స్పీకర్లు ఇవే చాలు తమ్ముడూ, స్టీరియో మారిస్తే సౌండ్ అదిరిపోద్ది." 10 అంగుళాల స్క్రీన్, 18 వేలు. గంటలో బిగించేశాడు. చూడ్డానికి మాత్రం సూపర్.

ఆ వారమే హైదరాబాద్ బయల్దేరాం. షాపువాడు బాస్, ట్రెబుల్ రెండూ ఫుల్లుగా పెట్టి, లౌడ్‌నెస్ కూడా ఆన్ చేసి ఇచ్చాడు. డోర్లు గడగడా వణుకుతున్నాయి. సూర్యాపేటలో టీకి ఆగినప్పుడు నాన్న మెల్లగా అన్నారు, "ఏరా, ఇహ అది పెట్టకు. తల నొప్పొస్తోంది." హైదరాబాద్ దాకా పాటల్లేకుండానే వెళ్లాం. ఆయన తిట్టి ఉంటే బాగుండేది అనిపించింది.

తర్వాత నెల రోజులు దీని మీదే కూర్చున్నా. నాకు అర్థమైంది ఒకటే. మనం కార్ ఆడియోని తలకిందులుగా అప్‌గ్రేడ్ చేస్తున్నాం. ముందు స్క్రీన్, తర్వాత డిక్కీలో సబ్‌వూఫర్, డబ్బు మిగిలితే స్పీకర్లు, డోర్ సంగతి అసలు ఎవరికీ పట్టదు. నేను చెప్పేది సరిగ్గా దీనికి రివర్స్.

మొదట ఆ బాక్స్ మీద నంబర్ సంగతి. "50 వాట్స్ x 4" అని ఉంటుంది. ఇంజన్ నడుస్తున్నప్పుడు కారు కరెంటు సుమారు 14.4 వోల్ట్స్. మామూలు స్టీరియోలోని ఆంప్లిఫయర్ ఆ వోల్టేజ్‌నే వాడుకుంటుంది. 4 ఓమ్స్ స్పీకర్‌కి లెక్క కట్టి చూడండి, ఛానల్‌కి 26 వాట్స్ దగ్గరే గోడ తగులుతుంది. సౌండ్ చిరగకుండా వచ్చేది 15 నుంచి 20 మధ్యే. మీ కంపెనీ స్టీరియో ఇచ్చేదీ దాదాపు అంతే. అంటే 18 వేలు పెట్టి నేను స్క్రీన్ కొన్నాను, పవర్ కాదు. అప్పట్లో టేప్ రికార్డర్ల మీద రాసిన పీఎంపీఓ గుర్తుందా? ఇది దాని తమ్ముడే.

ఇక డోర్. నా దృష్టిలో అసలు కథంతా ఇక్కడే ఉంది. హోమ్ స్పీకర్‌కి చెక్క పెట్టె ఉంటుంది. కార్లో ఆ పెట్టె డోరే. లోపలి ప్లాస్టిక్ ప్యానెల్ విప్పి చూస్తే తెలుస్తుంది, పల్చటి రేకు, అందులో చేయి పట్టేంత కన్నాలు, వాటి మీద ఒక ప్లాస్టిక్ పేపర్. స్పీకర్ కోన్ ముందుకి గాలిని తోస్తుంటే వెనక వైపు లాగుతుంది. ఆ వెనక సౌండ్ కన్నాల్లోంచి బయటికొచ్చి ముందు సౌండ్‌తో కలిసి బాస్‌ని చంపేస్తుంది. మిగిలిన శక్తి రేకుని వణికిస్తుంది. 20 వేల స్పీకర్లు పెట్టినా ఈ డోర్‌లో అంతే సంగతి.

దీనికి మందు డ్యాంపింగ్ షీట్. అల్యూమినియం ఫాయిల్ కింద బ్యుటైల్ రబ్బర్ ఉండేది అడగండి. తారుతో చేసినవి చవగ్గా దొరుకుతాయి కానీ బెజవాడ మే నెల ఎండకి కరిగి వాసనొస్తాయి, ఊడిపోతాయి. బయటి రేకు మీద ఒక లేయర్, లోపలి రేకు కన్నాలు మూస్తూ ఇంకో లేయర్. ఒక్క జాగ్రత్త, డోర్ అడుగున వాన నీళ్లు కారిపోయే రంధ్రాలుంటాయి, వాటిని మాత్రం మూయనివ్వకండి. మూస్తే లోపల నీళ్లు నిలిచి తుప్పు పడుతుంది.

స్పీకర్లలో నా ఓటు ముందు రెండు డోర్లకి 6.5 అంగుళాల కాంపోనెంట్ సెట్. వూఫర్ డోర్లో, ట్వీటర్ అద్దం పక్క త్రికోణంలో. గొంతు మోకాళ్ల దగ్గర్నుంచి కాకుండా డ్యాష్‌బోర్డ్ మీద నుంచి వస్తుంది. ఆంప్ పెట్టే ఉద్దేశం లేకపోతే సెన్సిటివిటీ 90 డీబీ పైన ఉన్నది చూడండి. 3 డీబీ తగ్గితే అంతే సౌండ్‌కి రెట్టింపు పవర్ కావాలి, మన దగ్గర ఉన్నదే 15 వాట్లు. వెనక స్పీకర్లు ముట్టుకోకండి, అక్కడ డబ్బు దండగ. సబ్‌వూఫర్ ఇష్టం మీది. సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు డిక్కీలో బ్యాగుల బదులు అది ఉంటే ఇంట్లో ఏమంటారో నాకైతే తెలుసు.

మాకు ఇంకో దెబ్బ తగిలింది. మొదటి షాపులో కంపెనీ వైర్లు కట్ చేసి టేపు చుట్టారు. తర్వాత బ్యాటరీ రెండుసార్లు పడుకుంది. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే తెగిన వైర్లు చూసి ఎలక్ట్రికల్ వారంటీ వర్తించదన్నారు. వాళ్లని తప్పు పట్టలేను. మీ మోడల్‌కి సరిపోయే కప్లర్ 400, 500కి దొరుకుతుంది, వైర్ ఒక్కటి కూడా కొయ్యక్కర్లేదు. "కప్లర్ లేదు, కట్ చేసి కలుపుతా" అంటే ఆ షాపు నుంచి లేచి వచ్చేయండి. మొహమాటం వద్దు.

బ్లూటూత్ వల్లే సౌండ్ పాడవుతోందని చాలామంది అనుకుంటారు. కొంత నిజమే, కానీ మొదటి ముద్దాయి అది కాదు. కేబుల్‌తో ఆండ్రాయిడ్ ఆటో పెట్టుకుంటే పాట బ్లూటూత్ మీద ఆధారపడదు, ఆ గొడవ అక్కడితో సరి. స్ట్రీమింగ్ యాప్‌లో క్వాలిటీ సెట్టింగ్ హై మీద ఉందో లేదో ముందు అది చూసుకోండి.

చివరికి స్క్రీన్‌ని సెకండ్ హ్యాండ్‌లో 7 వేలకి అమ్మేశా. అటక మీద పెట్టిన పాత స్టీరియోనే మళ్లీ బిగించాం. కాంపోనెంట్ స్పీకర్లు 6,500, రెండు డోర్లకి డ్యాంపింగ్ కూలీతో కలిపి 3,800, రింగులు 600, కప్లర్ 450. మొత్తం 11,350. ఈసారి వేరే షాపు, పని అయ్యేదాకా పక్కనే నిలబడ్డా.

మొదటి రోజు బాస్ అస్సలు లేదు. గుండె జారింది. విప్పి చూస్తే, పాత తెగిన వైర్లు కలిపేటప్పుడు ఎడమ డోర్‌లో ప్లస్, మైనస్ తారుమారయ్యాయి. ఒక స్పీకర్ ముందుకి తోస్తుంటే ఇంకోటి వెనక్కి లాగుతోంది. వూఫర్ వైర్లకి పెన్సిల్ సెల్ ఒక్క క్షణం తాకించి చూడండి, సెల్ ప్లస్ స్పీకర్ ప్లస్‌కి తగిలితే కోన్ బయటికి రావాలి. మార్చగానే బాస్ వచ్చేసింది, గొంతు మధ్యలోకి వచ్చి కూర్చుంది.

ఈక్వలైజర్ మొత్తం సున్నా మీద పెట్టా. లౌడ్‌నెస్ ఆఫ్. ఘంటసాల పాత రికార్డింగులు మోనో, వాటిలో ఉన్నదంతా గొంతే, అంటే మిడ్ రేంజ్. బాస్, ట్రెబుల్ పెంచి మధ్యది ముంచేస్తే ఇక మిగిలేదేముంది?

పోయిన ఆదివారం గుడివాడ వెళ్లొచ్చాం. కంకిపాడు దాటాక నాన్న చెయ్యి చాచి వాల్యూమ్ రెండు పాయింట్లు పెంచారు. వెనక సీట్లోంచి అమ్మ "నాకేం వినపడట్లేదు" అంది. ఫేడర్ కాస్త వెనక్కి జరిపా.