కాలినడకను సరిహద్దు దాటుట

దేశాటనము ధనికులకే తగినదని మనలో పెక్కుమంది తలంతురు. "నాలుగు డబ్బులు కూడబెట్టుకొని విమానములో హాయిగా పోరాదా? ఈ సంచి మోత యెందులకు?" అని నా మిత్రులు నన్ను పలుమారు పరిహసించిరి. వారి మాటను నేనొప్పుకొనను. విమానములో పోవువానికి సరిహద్దు కానరాదు. అతడు కునుకుచుండగా అది మేఘముల క్రిందుగా జారిపోవును. వీపున సంచి, జేబులో కొద్దిపాటి సొమ్ము పెట్టుకొని నేలమీద నడచి పోవువానికే ఒక దేశమెచ్చట ముగియునో, మరియొకటి యెచ్చట మొదలగునో తెలియును.

ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830, 31 సంవత్సరములలో కాశీయాత్ర చేయుచు నిజాము సీమను, నాగపూరు రాజ్యమును దాటి పోయిరి. అయితే ఆయనకు పల్లకియు, వెంట గొప్ప పరివారమును ఉండెను. మన కంతటి వైభవ మక్కరలేదు.

నేను ఉద్యోగ విరమణ చేసిన మరుసటి యేడు, 2019 ఫిబ్రవరిలో, బుద్ధదేవుడు జన్మించిన లుంబినిని చూడవలెనని బయలుదేరితిని. రోజునకు ఆరువందల రూపాయలకు మించి వ్యయము చేయరాదని నియమము పెట్టుకొంటిని. గోరఖ్‌పూరు వరకు రైలు, అచటినుండి సునౌలి వరకు బస్సు. సునౌలి చిన్న యూరు. దుమ్ము, లారీల బారులు, బట్టల మూటలు మోయు స్త్రీలు, సైకిళ్లపై పోవు విద్యార్థులు. వీరందరు ఎవరి యనుమతియు అడుగకయే ఒక కమాను క్రిందుగా నేపాళమునకు పోవుచు వచ్చుచుండిరి. 1950లో ఇరు దేశముల నడుమ జరిగిన సంధి ఒక దేశపు ప్రజలకు రెండవ దేశములో నివసించుటకును, వర్తకము చేయుటకును, సంచరించుటకును హక్కులిచ్చినది. మనకు వీసా అక్కరలేదు. పాస్‌పోర్టు గాని, ఎన్నికల సంఘమువారి గుర్తింపు కార్డు గాని దగ్గర నుంచుకొనిన చాలును.

ఇతర దేశస్థుల కీ సౌలభ్యము లేదు. నా ముందు నడచుచున్న ఒక విదేశీ యువకుడు ఈ జన ప్రవాహమును చూచి, ఇచట అడుగువారే లేరనుకొని నేరుగా ఆవలికి పోయెను. మన దేశము విడిచినట్లు పాస్‌పోర్టులో ముద్ర లేనందున నేపాళపు టుద్యోగులు వెనుకకు పంపిరి. పాపము, మన కార్యాలయము బజారులో దుకాణముల నడుమ నున్నది; తెలియనివానికి కనబడుట కష్టమే.

ఇక నా సంగతి. కమాను దాటగానే ఒక రిక్షావాని బిలిచి భైరహవా బస్సు నిలుచు చోటి కెంత యని యడిగితిని. ఎనుబది యనెను. క్రొత్తవాడనని మోసగించుచున్నాడని తలచి, నేను కఠినముగా మాటలాడితిని. పొదుపరి ననెడి గర్వము నా చేత నట్లు పలికించెను. అతడేమియు ననక నా సంచి నందుకొనెను. సుమారు నాలుగు కిలోమీటర్లు త్రొక్కి, చెమట తుడుచుకొనుచు దింపెను. నేను ముఖము ముడుచుకొని నాలుగు ఇరువది రూపాయల నోట్లిచ్చితిని. అతడు మూడు పది రూపాయల నోట్లు నా చేతిలో పెట్టి, "బాబూజీ, నేనడిగినది మా రూపాయలు" అనెను.

మన నూరు రూపాయలు నేపాళములో నూట అరువదికి సమానము. వారి ఎనుబది మన ఏబదియే! ఈ లెక్క నేను తరగతిలో ఎందరికో చెప్పదగినవాడనే. ఆ ముప్పది రూపాయలు మరల నతనికే ఈయబోగా అతడు పుచ్చుకొనలేదు. తక్కువ ఖర్చుతో తిరుగువాడు ఆ తక్కువను తన కడుపులో, తన కాళ్లలో వెదకుకొనవలెను గాని రిక్షా త్రొక్కువాని కూలిలో వెదకరాదని నా అభిప్రాయము. ఒక పూట అటుకులు తిని గడపవచ్చును. సత్రములో చాపపై పరుండవచ్చును. నేనట్లే చేసితిని, దాని కెవరును నష్టపడలేదు.

బస్సు పదునొకండు గంటలకని చెప్పిరి. నా గడియారములో ఇంకను పావుగంట యున్నది గదా యని టీ కొట్టువైపు పోబోతిని. కాని మన కాలము 82½ డిగ్రీల రేఖాంశమును బట్టియు, నేపాళ కాలము 86¼ డిగ్రీల రేఖాంశమును బట్టియు నిర్ణయింపబడినవి. డిగ్రీకి నాలుగు నిమిషముల చొప్పున వారు మనకంటె పదునైదు నిమిషములు ముందుందురు. బస్సు కదలుచున్నది! సంచి పట్టుకొని పరుగెత్తితిని. ఎవరో చేయి యందించి లోనికి లాగిరి.