చౌక పుస్తకమునకు వచ్చిన ప్రియము

అరుదైన గ్రంథమనగానే మనకు తాళపత్రమో, శిథిలమైన తొలి ముద్రణమో స్ఫురించును. కాని నేటి సంగ్రాహకులు వేలకొలది డాలర్లు వెచ్చించి కొనుచున్న పుస్తకములలో కొన్ని, పుట్టిననాడు ఎవరైనను కొనదగినంత చౌకగా అమ్మబడినవి. చిత్రకారుడు తానే కూర్చి, తానే ప్రచురించు ఇట్టి కృతులను కళాకారుల పుస్తకములందురు. అమెరికా చిత్రకారుడు ఎడ్ రూషే 1963లో అచ్చొత్తించిన ‘ట్వెంటీసిక్స్ గ్యాసొలీన్ స్టేషన్స్’ అట్టిది. లాస్ ఏంజెలెస్ నుండి ఓక్లహోమా పోవు దారిలోని 26 పెట్రోలు బంకుల ఛాయాచిత్రములు, వాని పేర్లు, ఊళ్ల పేర్లు. అంతే, పీఠిక లేదు, వ్యాఖ్య లేదు. అమెరికా కాంగ్రెసు గ్రంథాలయము దానిని స్వీకరింపక త్రిప్పి పంపినది. రూషే ఊరకుండక, ఆ తిరస్కారమునే 1964లో ఒక కళాపత్రికయందు ప్రకటనగా వేయించెను!

1966లో వెలువడిన ‘ఎవ్రీ బిల్డింగ్ ఆన్ ది సన్‌సెట్ స్ట్రిప్’ ఇంకను విశేషమైనది. లాస్ ఏంజెలెస్ ప్రాంతమున సన్‌సెట్ వీధిలో సుమారు మైలున్నర మేర గల ప్రతి కట్టడమును, మోటారు కెమెరాను ట్రక్కుపై అమర్చి చిత్రించిరి. మడతలు విప్పినచో 25 అడుగుల కాగితము! వీధికి ఒక ప్రక్క పైయంచున, రెండవ ప్రక్క క్రిందియంచున తలక్రిందులుగా నుండును, కట్టడములకు ఇంటినంబర్లు. మేడయు, భోజనశాలయు, ఖాళీస్థలమును అచట సమానములే. ఏది చూడదగినది, ఏది కాదు అను తీర్పు లేకపోవుటయే దాని బలమని నా యభిప్రాయము. టోక్యోలోని గింజా వీధిని 1954లోనే ఇట్లు మడతల పుస్తకముగా ముద్రించిరి. కీర్తిలో పెద్దపాలు మాత్రము అమెరికా పుస్తకమునకే దక్కినది. అభిరుచియందును సంపన్నుల మాటయే చెల్లును కాబోలు!

తన మొదటి పుస్తకపు తొలి ముద్రణమున 400 ప్రతులకు వరుససంఖ్యలు వేయుట పొరపాటని రూషే తరువాత చెప్పెను. 1967లో 500, 1969లో 3000 ప్రతులు మరల ముద్రించెను. అయినను సంగ్రాహకుడు ఆ సంఖ్య గల ప్రతినే వెదకును. అట్ట నలిగినదా, మరక పడినదా అని పరీక్షించును. కొనిన పిమ్మట తాను సైతము విప్పడు. 25 అడుగుల వీధి ఇనుపపెట్టెలో ముడుచుకొని పడియుండును.

సంగ్రాహకులను నిందించుట నా యుద్దేశము కాదు. గ్రంథాలయము వలదన్నదానిని నిలిపినవారు వారే; వారు లేకున్న ఆ పలుచని పుస్తకములలో పెక్కు చిత్తుకాగితములలో కలిసియుండెడివి. కాని ఎవ్వరును చూడని వీధిచిత్రమెందులకు? గెట్టీ పరిశోధనాసంస్థ రూషే వీధిచిత్రముల నిధిని సంపాదించి, వానిలో 60,000కు పైగా 2020లో అంతర్జాలమున అందరికి నందించినది. దుకాణపు పలకలు మారుట, చెట్లు పెరుగుట, మేడలు లేచుట ఏ విద్యార్థియైనను ఇంట కూర్చుండి పోల్చి చూడవచ్చును. అయినను తెరపై చూచుట, మడత వెంట మడత విప్పుచు వీధిలో నడచుట ఒకటి కావు. ప్రతులు గలవారు ఏడాదికొకమారైనను ఏదేని పాఠశాలలో పొడవైన బల్లపై వానిని పరపింతురు గాక. అంచులు కొంత నలుగును. వెల కొంత తగ్గును. తగ్గనిండు!