మూర్ఛ వ్యాధి - రాత్రి నిద్ర



మూర్ఛ ఉన్నవారికి ఒక రాత్రి నిద్ర చెడితే ఫిట్స్ వచ్చే అవకాశం పెరుగుతుంది. అటువంటి బిడ్డను పెంచుతున్న తల్లులకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. నిద్రకూ మూర్ఛకూ ఉన్న సంబంధాన్ని వెదికే శాస్త్రజ్ఞులలో కొందరి దృష్టి మెలటోనిన్ అనే హార్మోను మీద ఉన్నది.

మన మెదడు మధ్యభాగంలో పీనియల్ అనే చిన్న గింజంత గ్రంథి ఉన్నది. చీకటి పడిన తరువాత అది మెలటోనిన్‌ను రక్తంలోనికి వదులుతుంది. ఇది నిద్రవేళ అయినదని శరీరానికి తెలియజేస్తుంది. కంటికి వెలుగు తగిలితే దాని ఉత్పత్తి తగ్గిపోతుంది. 1958లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ ఆరన్ లెర్నర్, ఆయన సహచరులు పశువుల పీనియల్ గ్రంథుల నుండి దీనిని మొదట వేరుచేశారు.

మూర్ఛకూ దీనికీ పొత్తు ఎక్కడ? దెబ్బ తగిలిన చోట చర్మం ఎర్రబడి వాచినట్లే, ఫిట్స్ వచ్చినప్పుడు మెదడులో కూడ ఒక విధమైన వాపు కలుగుతుంది. అది బయటికి కనబడేది కాదు. మెదడుకు కాపలా కాసే కణాలు ఇంటర్‌ల్యూకిన్ వంటి రసాయనాలను విడుదల చేస్తాయి. ఇవి నాడీకణాలను మరింత ఉద్రేకపరుస్తాయి గనుక, ఫిట్స్ వలన వాపు, వాపు వలన మరల ఫిట్స్ కలుగవచ్చు. ప్రయోగశాలలో ఎలుకలకు మెలటోనిన్ ఇచ్చినప్పుడు ఈ రసాయనాలు తగ్గినట్లు, కొన్ని ప్రయోగాలలో ఫిట్స్ కూడ తగ్గినట్లు కనబడింది.

అయితే ఎలుకలలో కనబడినదంతా మనుష్యులలో రుజువైనట్లు కాదు. మొత్తం 125 మంది రోగులతో జరిగిన ఆరు చిన్న పరిశోధనలను 2016లో కాక్రేన్ వైద్య సమీక్ష పరిశీలించింది. మెలటోనిన్ ఫిట్స్‌ను తగ్గిస్తుందని చెప్పడానికి ఆధారాలు చాలవని తేల్చింది. గనుక ఎవరో చెప్పారని ఈ మాత్రలు కొని వాడవద్దు. డాక్టరు సలహా తీసుకొనండి.

అంతకంటె ముఖ్యమైన మాట ఒకటి. ఇప్పుడు వాడుతున్న ఫిట్స్ మాత్రలను మీ అంతట మీరు ఆపవద్దు. అకస్మాత్తుగా ఆపితే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణాపాయం కలుగవచ్చు. స్వస్థత కొరకు ప్రార్థించండి, మాత్ర కూడ వేయండి. ఒకటి రెండవదానికి అడ్డు కాదు. సరైన చికిత్స అందితే నూటికి 70 మంది వరకు ఫిట్స్ లేకుండా జీవించగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది.

మెలటోనిన్ మాత్ర సంగతి ఎలా ఉన్నా, దేవుడు మన తలలోనే ఉంచిన మెలటోనిన్‌ను కాపాడుకోవడం మన చేతిలో ఉన్నది. మూర్ఛ ఉన్నవారిని ప్రతి రాత్రి ఒకే వేళకు పడుకోనివ్వండి. పడకకు గంట ముందే టీవీ, సెల్‌ఫోన్ కట్టివేయండి. రాత్రివేళ పొలానికి నీళ్లు పెట్టడానికి వారిని పంపవద్దు. నిద్ర చెడడం ఒక ప్రమాదమైతే, బావి దగ్గర, మోటారు దగ్గర ఫిట్స్ రావడం మరొక ప్రమాదం.

సంఘ పెద్దలకు ఒక మనవి. ఆల్‌నైట్ ప్రార్థనలలో ఇటువంటి సహోదరీ సహోదరులను తెల్లవారేవరకు మేల్కొని ఉండమని బలవంతపెట్టకండి. పెందలకడనే ఇంటికి వెళ్లి పడుకున్నవారికి విశ్వాసం తక్కువని ఎవరూ అనకుండా చూడండి. వారికి ఆ నిద్ర మందుతో సమానం.