బొడ్డూడని ముద్దాయిలు

జాతకం కోసం ముహూర్తం చూసి కాన్పు చేయించుకునేవాళ్ళు మన వీధిలోనే ఉన్నారు. పాసుపోర్టు కోసం ముహూర్తం వెతుక్కున్నవాళ్ళ గురించి 2025 మొదట్లో పేపర్లలో చదివాం. ఆ జనవరి 20న ట్రంప్ గద్దెనెక్కుతూనే ఒక ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. తల్లి అక్రమంగా ఉన్నా, వీసా మీద తాత్కాలికంగా ఉన్నా, తండ్రి పౌరుడో గ్రీన్‌కార్డు గలవాడో కాకపోతే, అమెరికాలో పుట్టినా బిడ్డకు పౌరసత్వం లేదన్నాడు. గడువు ముప్ఫై రోజులు! ఆలోగా కానేయాలని కొందరు మనవాళ్ళు డాక్టర్ల చుట్టూ తిరిగారట. జడ్జీలు ఆ ఉత్తర్వును ఆపారు, తగువు సుప్రీంకోర్టుకెక్కింది.

నిజానికి ఈ తగువు పాతదే. బానిసలుగా బతికిన నల్లవారిని, వాళ్ళ పిల్లల్ని ఇక ఎవరూ పరాయివాళ్ళనకుండా 1868లో పద్నాలుగో సవరణ తెచ్చారు. అక్కడ పుట్టి, ఆ దేశపు చట్టానికి లోబడినవాళ్ళంతా పౌరులే. శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా దంపతులకు పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ అనే వంటవాణ్ణి 1895లో ఓడ దిగనివ్వకపోతే, 1898లో సుప్రీంకోర్టు అతడు పౌరుడేనని తేల్చింది.

తాత్కాలికంగా వచ్చినవాళ్ళు చట్టానికి పూర్తిగా లోబడరని ఇప్పుడు వాదన. చోద్యం కాకపోతే, వీసా మీదున్నవాడు ఎర్రలైటు దాటితే పోలీసు వదిలేస్తాడా? జీతంలో పన్ను కోయడం మానేస్తారా? పన్నుకు లోబడినవాడు పురిటి దగ్గరకొచ్చేసరికి లోబడనివాడైపోతాడా? కనడానికే విమానమెక్కి వస్తున్నారంటారూ? అయితే వీసా ఇచ్చేచోట అడగండి. పెద్దవాళ్ళ తప్పుకి బొడ్డూడని పసివాణ్ణి బోనెక్కించడం ఏం న్యాయం?

మరి మన పెరడు మాటేమిటి? 1955 చట్టంలో మన దేశంలో పుడితే చాలు, మనవాడే. 1987 జూలై 1 నుంచి తల్లో తండ్రో పౌరులై ఉండాలన్నాం. 2004 డిసెంబర్ 3 నుంచి ఒకరు పౌరులైనా, రెండోవారు అక్రమంగా వచ్చినవాళ్ళైతే కుదరదన్నాం. తమిళనాడు శిబిరాల్లో శ్రీలంక శరణార్థులకు ఆ తర్వాత పుట్టిన పిల్లలు ఇక్కడే బడికెళ్ళి, ఇక్కడే పెద్దవాళ్ళై కూడా పుట్టుకతో పౌరులు కాలేకపోయారు. వాళ్ళ కోసం మనలో ఎవరు గుండెలు బాదుకున్నారు?

న్యూజెర్సీలో మన మనవడికి జరిగితే అన్యాయం, శిబిరంలో ఎవరి మనవడికో జరిగితే చట్టమూనా? అమ్మానాన్నల కాగితాలు చూసి బిడ్డకు దేశాన్నివ్వడం అక్కడ తప్పయితే ఇక్కడా తప్పే. రెండుచోట్లా ఆ మాట అనగలిగినవాళ్ళే అమెరికాని తిట్టండి, నేనూ గొంతు కలుపుతాను.