పందెమును తిరస్కరించిన పనివారు

జీవనోపాధి కొఱకు మనుష్యులొకరినొకరు త్రోసికొనుచు సాగించు పరుగునకు ఎలుకల పందెమని ఆంగ్లభాషలో వాడుకలోనున్న పేరు నేడు మన ఉద్యోగుల నోటను నిత్యము వినవచ్చుచున్నది. దానిని పలుకువారిలో పలువురు ఇది కాలధర్మమనియు, తప్పించుకొన వీలులేనిదనియు నిట్టూర్చి, మరల పరుగునకే పూనుకొందురు. ఈ నిట్టూర్పునకు ఆధారము లేదని స్కాట్లండు నౌకానిర్మాణ కార్మికులు అర్ధశతాబ్దికి పూర్వమే నిరూపించిరి.

1971 జూన్ మాసమున గ్లాస్గో ప్రాంతమందలి అప్పర్ క్లైడ్ షిప్‌బిల్డర్స్ అను నౌకానిర్మాణ సంస్థ దివాలా తీయగా, బ్రిటిష్ ప్రధాని ఎడ్వర్డ్ హీత్ ప్రభుత్వము దానిని ఆదుకొనుటకు నిరాకరించెను. ప్రభుత్వము నియమించిన నిపుణులు జూలైలో నివేదిక యిచ్చుచు, సుమారు 8,500 మంది పనివారిలో 2,500 మందిని మాత్రము నిలుపుకొనవచ్చునని తేల్చిరి. ఆ 2,500 కొలువుల కొఱకు అందఱును తమలో తాము కలహించుకొందురని ఎవరైనను ఊహింతురు. వారట్లు చేయలేదు, సమ్మె కట్టి ఇండ్లలో కూర్చుండనూ లేదు. జిమ్మీ రీడ్, జిమ్మీ ఎయిర్లీ మొదలగు నాయకుల వెంట కర్మాగారములను తమ యదుపులోనికి తీసికొని, తొలగింపు నోటీసులందినవారు సైతము ప్రతిదినమును పనికి వచ్చి ఓడలు కట్టుచుండగా, వారి జీతములను తోడి కార్మికుల చందాలతోను దేశవిదేశముల విరాళములతోను చెల్లించిరి. 1972 ఫిబ్రవరిలో ప్రభుత్వము దిగివచ్చి 3 కోట్ల 50 లక్షల పౌండ్ల సాయమును ప్రకటించెను. ఆ ఏప్రిలులోనే గ్లాస్గో విశ్వవిద్యాలయపు రెక్టరుగా రీడ్ ప్రసంగించుచు, మనము ఎలుకలము కామనియు, తోడివాని దుఃఖమునకు కన్నులు మూసికొనుమను విజయము మనకు వలదనియు విద్యార్థులకు హితవు చెప్పగా, న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఆ ప్రసంగమును పూర్తిగా అచ్చువేసెను.

దీనికి పూర్తిగా విరుద్ధమైనది అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థాధిపతి జాక్ వెల్చ్ నడపిన పద్ధతి: ఉద్యోగులను ఏటేట శ్రేణులుగా విభజించి, పైనున్న 20 శాతమును బహూకరించి, అడుగున నిలిచిన 10 శాతమును సాగనంపవలెనని ఆయన సిద్ధాంతము. అందఱును శ్రద్ధగా పనిచేసినను అడుగున కొందఱుండియే తీరవలయును గనుక, ప్రక్కవానికి పని నేర్పుట తన కొంప తాను ముంచుకొనుటయే యగును. మాదాపూరు, గచ్చిబౌలి కార్యాలయములలో అప్రైజల్ దినములు సమీపించినంతనే వినవచ్చు బెల్ కర్వ్ అను మాట ఈ వంశమునకు చెందినదే. మైక్రోసాఫ్ట్ సంస్థ ఇట్టి శ్రేణీకరణమును 2013లో విడనాడినది. మనుష్యులు కల్పించిన నియమమును మనుష్యులే మాన్పగలరనుటకు వేఱు నిదర్శనమేల?

పోటీ లేనిదే ప్రతిభ వికసింపదనియు, పేదయింటి పిల్లలు పోటీపరీక్షల వలననే పైకి వచ్చిరనియు కొందఱందురు. అది సత్యమే. కాని తన పనికి తాను మెఱుగు దిద్దుకొను పోటీ వేఱు, ప్రక్కవాడు పడినగాని తాను నిలువలేని పోటీ వేఱు. ఈ రెండవదానిలో ఒకడు రాత్రి ఒక గంట యధికముగా కూర్చున్నచో తక్కినవారును కూర్చుండక తప్పదు. వారమునకు 55 గంటలు, అంతకు మించి శ్రమించువారికి, 35 మొదలు 40 గంటలు శ్రమించువారికన్న పక్షవాతపు ముప్పు 35 శాతము అధికమని ప్రపంచ ఆరోగ్య సంస్థయు అంతర్జాతీయ కార్మిక సంస్థయు 2021లో హెచ్చరించినను, ఒంటరిగా లేచి ఇంటికి పోవు ధైర్యమెవ్వరికుండును? ఒంటరివానికి చేతకానిది గనుకనే, 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ తన మొట్టమొదటి ఒడంబడికలోనే పరిశ్రమలలో దినమునకు 8, వారమునకు 48 గంటల హద్దును నిర్ణయించినది.

అలసిన ఉద్యోగికి ధ్యానము చేయుమని చెప్పుట సులభము. అతనిని అలయజేసిన నియమమును మార్చుట కష్టము. యాజమాన్యములు బలవంతపు శ్రేణీకరణమును రద్దు చేయవలెను. ప్రభుత్వములు పనిగంటల హద్దును కార్యాలయములందు నిజముగా అమలుపఱచవలెను. ఉద్యోగులు ప్రక్క బల్లవాని తొలగింపు తమకు కలిసివచ్చినదని లోలోన సంతసించుట మానవలెను. ఈ మూడవది లేనిదే మొదటి రెండును రావు.