నవ్వించే వాయువు, చెరకు తోట

కోరంగి రేవులో ఓడెక్కి మారిషస్ వెళ్ళిన మనవాళ్ళను అక్కడివారు 'కోరంగీలు' అని పిలిచేవారు. వెళ్ళింది చెరకు తోటల్లో కూలికి. పూర్వమున్నంత విస్తీర్ణం లేకపోయినా ఆ తోటలు నేటికీ ఉన్నాయి. ఈ నెల ఆ చెరకు సంగతే. అయితే పంచదార మాట కాదు; ఆ నేలలోంచి కంటికి కనబడకుండా పైకి పోయే ఒక వాయువు మాట.

దాని పేరు నైట్రస్ ఆక్సైడు. 1772లో ప్రీస్ట్‌లీ కనిపెట్టాడు. పీల్చినవాడికి నవ్వొస్తుంది గనుక నవ్వించే వాయువన్నారు. పళ్ళు పీకే డాక్టర్లు నొప్పి తెలియకుండా దీన్ని వాడారు. ఆకాశంలో చేరితే మాత్రం నవ్వులాట కాదు. నూరేళ్ళ లెక్కన ఒక కిలో నైట్రస్ ఆక్సైడు 273 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానంగా భూమిని వేడెక్కిస్తుంది. పైగా నూరేళ్ళకు మించి అక్కడే తిష్ఠ వేస్తుంది.

ఇది పుట్టేదెట్లా? చెరకుకు వేసిన నత్రజని ఎరువంతా చెరకుకే ముట్టదు. మిగిలినదాన్ని నేలలోని సూక్ష్మజీవులు తింటూ మార్చుతూ ఉంటాయి. వాన కురిసి నీరు నిలిచి, మట్టికి గాలి ఆడకపోతే ఈ వాయువు మరీ ఎక్కువగా ఊరుతుంది. మారిషస్ నడిమి మెట్టమీద వానలకు కొదువ లేదు.

గుమాస్తా బుద్ధి గదా, లెక్క కట్టి చూచాను. మన దగ్గర దొరికే 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని సుమారు 20.7 కిలోలు. అందులో నూటికి ఒక పాలు ఈ వాయువుగా పోతుందని అంతర్జాతీయ నిపుణుల సాధారణ అంచనా. ప్రాణవాయువు బరువు కూడా కలుపుకుంటే 325 గ్రాములు. 273తో హెచ్చవేస్తే సుమారు 89 కిలోల బొగ్గుపులుసు వాయువుకు సమానం! వానలెక్కువ పడే సీమలకు 2019లో సవరించిన అంచనా నూటికి 1.6 పాళ్ళు. అప్పుడది 142 కిలోలు. బస్తా బరువు చూడబోతే 45.

లోకం మొత్తం పొగలో ఆ చిన్న ద్వీపం వాటా ఎంత, పాపం రైతును ఎందుకు పట్టుకోవడం అని ఎవరైనా అడుగుతారు. న్యాయమే. తుపానులు కొట్టేదీ, సముద్రం కోసేదీ ఆ ద్వీపాన్నే. కాని గాలిలో కలిసిన నత్రజని రైతు రొక్కమిచ్చి కొన్నది. అందుకే ఒక్కసారి కుమ్మరించక దఫదఫాలుగా వేయడం, పైన చల్లక మట్టిలో కప్పడం మేలు. చెరకు ఆకు తగలబెట్టక నేలమీద పరచడం మట్టికి మంచిదే. తడి నేలలో మాత్రం దాని కింద ఈ వాయువు పెరగవచ్చు. ఇందులో అన్నిటికీ ఒకే మందు లేదు.

వేప సంగతి మనవాళ్ళకు చెప్పనక్కరలేదు. వేపపిండి కలిపి యూరియా వేయడం మన రైతులెరిగినదే. 2015లో మన ప్రభుత్వం దేశంలో తయారయ్యే యూరియాకంతటికీ వేపనూనె పూత తప్పనిసరి చేసింది. ఆ పూతవల్ల సూక్ష్మజీవుల పని నెమ్మదిస్తుంది, చెరకు తినడానికి కొంత వ్యవధి దొరుకుతుంది.