నవ్వే జడ్జీలు, నేర్చుకునే పిల్లలు

మొన్న మా వాడకట్టుల పిల్లలు స్కిట్ ఆట ఆడిన్రు. ఒకడు ప్లాస్టిక్ కుర్చీల కూసొని జడ్జి అయిండు. ఇద్దరు మక్క కంకుల్ని మైకుల లెక్క పట్టుకున్నరు. జోకులన్నీ ఒక్క పిల్లగాని మీదనే. వాని రంగు మీద, వాళ్ల నాయన తాగుడు మీద. జడ్జి పడిపడి నవ్విండు. పక్కన నిలబడ్డ నేను గూడ నవ్విన. ఆ పిల్లగాడు జరసేపు నవ్వి, సప్పుడు జెయ్యక ఇంటికి పోయిండు.

పిల్లలు ఇట్ల ఎందుకు నేర్చుకుంటరో అమెరికాల ఆల్బర్ట్ బండూరా అనే సైకాలజిస్టు ఎప్పుడో చూపించిండు. 1961ల ఆయన చేసిన ప్రయోగంల, ఒక పెద్దమనిషి గాలి బొమ్మను కొడుతుంటె చూసిన పిల్లలు తర్వాత అట్లనే కొట్టిన్రు. 1963ల సినిమా తీసి చూపిస్తె గూడ అదే జరిగింది. 1965ల ఇంకో సంగతి తేలింది. కొట్టినోనికి శిక్ష పడుడు చూసిన పిల్లలు తక్కువ కొట్టిన్రు. అంటె పిల్లలు తప్పునే కాదు, తప్పు చేసినంక ఏమైందో గూడ చూస్తరు.

మన షోలల్ల ఏమైతది? ఎక్కిరిస్తె చప్పట్లు, మార్కులు. ఒర్లినోడే ప్రోమోల కనవడతడు.

ఇది పెద్దగైనంక గూడ పోదు. 2023 డిసెంబర్ 17 రాత్రి జూబ్లీహిల్స్ల అన్నపూర్ణ స్టూడియోస్ దగ్గర చూసినం గదా. బిగ్‌బాస్ ఏడో సీజన్ ఫైనల్ అయినంక ఫ్యాన్స్ కొట్లాట పెట్టుకున్నరు. కార్లు, ఆర్టీసీ బస్సుల అద్దాలు పలిగినయి. పోలీసు కేసులైనయి. ఆడోళ్లకు ఫ్రీ బస్సు మొదలై అప్పటికి ఎనిమిది రోజులే. పలిగింది మన అమ్మలు ఎక్కే బస్సు.

రూల్స్ లేవా అంటె ఉన్నయి. పిల్లలు ఎక్కువగ చూసే టైంల వాళ్లకు తగని ప్రోగ్రాములు ఎయ్యొద్దని 1994 నాటి కేబుల్ టీవీ రూల్స్ చెప్తయి. డ్యాన్స్ షోలల్ల పిల్లలను అసభ్యంగ చూపియ్యొద్దని 2019 జూన్‌ల కేంద్ర సమాచార, ప్రసార శాఖ చానళ్లకు చెప్పింది. కని ఆ టైం లెక్క టీవీకే. తెల్లారేసరికి అదే పంచు ఫోన్ల క్లిప్ అయితది. దాన్ని స్టేటస్ పెట్టేది ఎవరు? మనమే. తమ్ముడు, చెల్లె చూసేది మన ఫోన్లనే.

ఫిల్మ్‌నగర్ దిక్కు స్టూడియోల కూసున్న జడ్జి నవ్వును మనం ఆపలేం. వాడకట్టుల జడ్జీలం మాత్రం మనమే.

తెల్లారి పిల్లలు మళ్ల అదే ఆట మొదలువెట్టిన్రు. ఈసారి నేను నవ్వలే. "మనిషి రంగు మీద కాకుండ వేరే జోకు ఉంటె చెప్పుర్రి" అన్న. జరసేపు ఆలోచించిన్రు. తర్వాత బర్రె మీద ఒకటి, కరెంటు కోత మీద ఒకటి వచ్చినయి. అందరం మంచిగ నవ్వినం.

ఆ పిల్లగాడు మాత్రం గోడ పక్కనే నిలబడ్డడు. ఆటలకు ఇంకా రాలే.